మెట్ల మీద చెప్పులు లేని రోజు

మెట్ల మీద చెప్పులు లేవు.

మొదటి అంతస్తు మలుపు తిరిగి తల ఎత్తాను. రెండో అంతస్తుకు వెళ్ళే మెట్లన్నీ ఎవరో కడిగి ఆరబెట్టినట్టు బోసిగా ఉన్నాయి. సోమవారం అదే వేళకు ఆ మెట్ల మీద కాలు మోపే చోటు లేదు. మంగళవారం నా చెప్పులు విప్పడానికి జాగా దొరక్క, చేత్తో పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాను. ఇప్పుడు బుధవారం, పదికి పది నిమిషాలు తక్కువ. పైన గుమ్మం దగ్గర మొత్తం నాలుగు జతలు. అందులో ఒకటి ఆఫీసులో పనిచేసే అక్కది.

భయపడటంలో నాకు అనుభవం తక్కువేమీ కాదు. గ్యాస్ కట్టేశానో లేదో అని సందు చివరి నుంచి వెనక్కి వెళ్ళి చూసొచ్చే మనిషిని. పిల్లల స్కూలు నుంచి ఫోన్ వస్తుందేమోనని క్లాసు మధ్యలో కూడా సెల్ వైపు ఓ కన్ను వేసి ఉంచేదాన్ని. పది భయాల్లో తొమ్మిది ఉత్తివే అని నాకూ తెలుసు. కానీ ఆ మెట్ల మీద నిలబడ్డప్పుడు ఇది ఆ పదోదని వెంటనే తెలిసిపోయింది.

ఈ మధ్య చాక్‌పీసు పట్టుకుని కోచింగ్ సెంటర్ల మెట్లెక్కుతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. నేను ఆ పని మానేసి ఏడాది కూడా కాలేదు. జ్ఞాపకాలు రాసేంత వయసూ రాలేదు. కానీ పిల్లలు పడుకున్నాక దొరికే గంటలో ఏదైనా రాద్దామని కూర్చుంటే మొదట ఆ మెట్లే కనిపిస్తున్నాయి.

రెండు వేల పదకొండు, వానలు అప్పుడే మొదలయ్యాయి. మేం చిక్కడపల్లిలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. పిల్లల స్కూలు నారాయణగూడలో. నా ఇన్‌స్టిట్యూట్ అశోక్‌నగర్‌లో. నా ప్రపంచమంతా ఆటో మినిమం ఛార్జీలో సరిపోయేది. ఎమ్మే చివరి ఏడాదిలో పెళ్ళయింది. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. ఏడేళ్ళు ఇంట్లోనే ఉండి, చిన్నది నర్సరీలో చేరాక, ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే వాళ్ళకు ఇంగ్లీషు చెప్పే ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పేపర్లు దిద్దే పనికి కుదిరాను. పాఠం చెప్పేది వేరే ఆయన, పెద్ద సారు. పదేళ్ళుగా ఆ గదిలో ఆయనదే రాజ్యం. మాటకొక జోకు. నన్ను "చెల్లెమ్మా" అనేవాడు. ఆయన నవ్వించేవాడు, నేను ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. నాకు ఆ ఏర్పాటు హాయిగానే ఉండేది.

ఆ వేసవిలో పెద్ద సారు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయాడు. దూరం కూడా వెళ్ళలేదు, సందు దాటి ఎదురు బిల్డింగులో రెండో అంతస్తుకు. మా కిటికీ తెరిస్తే ఆయన ఫ్లెక్సీ. నిలువెత్తు ఫొటోలో చేతులు కట్టుకుని సరిగ్గా మా క్లాసురూములోకే చూసి నవ్వుతుండేవాడు.

మా డైరెక్టర్ గారు నల్గొండ వైపు మనిషి. రెండు రోజులు ఆ కిటికీ మూసి ఉంచి, మూడో రోజు నన్ను పిలిచాడు.

"మేడం, కొత్త బ్యాచ్ మీరే చెప్పుండ్రి."

"నేనా సార్?"

"గాయన లేడు గదా. ఇంకెవరున్నరు?"

నా మీద ఆయనకున్న నమ్మకం అంత. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"డెమో మూడు దినాలు. మూడో రోజు రెండు గంటల దాక నలభై మంది పేర్లు రాయించుకోవాలె. నలభై అయితే బ్యాచ్ మీది. కాకుంటే అంబర్‌పేట నుంచి ఒక సారు వస్తనంటున్నడు. ఆయన పేపర్లు గూడ ఆయనే దిద్దుకుంటడంట."

"మరి నేను సార్?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు. నాకు అర్థమైంది.

తెలియనివాళ్ళకు డెమో సంగతి చెప్పాలి. అశోక్‌నగర్‌లో ఎవరూ చూడకుండా చేరరు. బెండకాయను గిల్లి చూసినట్టు ముందు మాస్టర్ని గిల్లి చూస్తారు. మూడు రోజులు ఊరికే కూర్చోవచ్చు. నచ్చితే పేరు రాయిస్తారు, లేకుంటే పక్క బోర్డు కిందికి వెళ్తారు. పరీక్షలు వాయిదా మీద వాయిదా పడుతున్న రోజులవి. ఏడాదంతా డెమోలతోనే గడిపేసిన మహానుభావులూ ఉండేవారు. అందుకే డెమోకు కొన్ని రాయని నియమాలు ఉండేవి. తేలిక పాఠాలే చెప్పాలి. జోకులు వెయ్యాలి. ప్రశ్నలడిగి ఎవరినీ లేపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, డెమోలో హోంవర్క్ ఇవ్వకూడదు. పెళ్ళిచూపుల్లో పిల్ల చేత అంట్లు తోమించినట్టు ఉంటుందని పెద్ద సారే అనేవాడు.

మా డెమో, ఆయన డెమో ఒకే సోమవారం, ఒకే పది గంటలకు పెట్టారు. అది ఎవరి పంతమో నాకు తెలియదు.

దాని ముందు ఆదివారం ఇడ్లీలు పెడుతుంటే మా పెద్దది అడిగింది, "అమ్మా, నీకు మేం ఎక్కువ ఇష్టమా, క్లాసులో పిల్లలు ఎక్కువ ఇష్టమా?"

చిన్నది కూడా నోట్లో ముద్ద ఆపి చూసింది.

"ఇడ్లీ చల్లారిపోతోంది, తినండి," అన్నాను. తల్లులు జవాబు లేనప్పుడు చెప్పే జవాబు అది.

సోమవారం అరవై మందికి పైగా వచ్చారు. నేను పెద్ద సారులా చెప్పాలని ఆయన జోకే ఒకటి మొదలుపెట్టాను. సగంలో ఉండగానే వెనక బెంచీ అబ్బాయి మిగతా సగం పూర్తి చేసేశాడు.

"పోయిన డెమోల విన్నం మేడం. సారు జెప్పిండు."

గది మొత్తం నవ్వింది, జోకుకు కాదు. ఇంటికొచ్చి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

మంగళవారం పోలికలు, ఇష్టాయిష్టాలు. ఒకటి ఇంకోదానికంటే పెద్దదని ఎలా చెప్పాలి, దీనికంటే అది నాకు ఇష్టమని ఎలా చెప్పాలి. తెలుగులో మనకు 'కంటే' అనే ఒక్క మాట చాలు, బండి నడిచిపోతుంది. ఇంగ్లీషులో పొడుగూ పొట్టీ చెప్పేటప్పుడు 'దేన్' వస్తుంది, 'ప్రిఫర్' అంటే 'టు' వస్తుంది, 'వుడ్ రాదర్' అన్నామో మళ్ళీ 'దేన్' తిరిగొస్తుంది. బోర్డు నిండా రాశాను. పుస్తకంలో ఉన్న ఉదాహరణలే: వెండి కంటే బంగారం ఖరీదైనది, గుర్రం కంటే ఏనుగు పెద్దది. అరవై తలలు వంచుకుని రాసుకుంటున్నాయి. నేను ఏనుగు బదులు చీమ అని రాసి ఉన్నా అలాగే రాసుకునేవారు. బోర్డు దగ్గర నుంచి చూస్తే వానలో తలలు దించుకున్న గొర్రెల మందలా ఉంది. ఆ పోలికను నాలోనే ఉంచుకున్నాను.

చాక్‌పీసు కింద పెట్టాను.

"ఏనుగును మీలో ఎవరు చూశారు? పోనీ నిన్న రాత్రి ఏం తిన్నారు?"

తలలు లేచాయి.

"హాస్టల్‌ల సాంబార్ మేడం," అన్నాడు జోకు పూర్తిచేసిన అబ్బాయి.

"ఎలా ఉంది? దేనికంటే ఎలా ఉంది? ఇంగ్లీషులో చెప్పు."

వాడు లేచి, గోడ వైపు చూసి, మాట మాట కూడబలుక్కున్నాడు. "మై హాస్టల్ సాంబార్ ఈజ్ థిన్నర్ దేన్ మంజీరా ట్యాప్ వాటర్."

అంతే. గదికి ప్రాణం వచ్చింది. ఒకడు ఆ ఉప్మా తినడం కంటే పస్తుండటమే మేలన్నాడు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకడం సర్కారు నౌకరీ దొరికినంత కష్టమని ఒకమ్మాయి చెప్పింది. ఆ కుర్చీ కోసం తను పొద్దున ఏడింటికే వెళ్తానని ఇంకొకడు ఎదురు చెప్పాడు. తప్పులు దొర్లుతున్నాయి, నేను దిద్దుతున్నాను, ఎవరూ సిగ్గుపడటం లేదు. మూడో బెంచీలో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. సోమవారం నుంచి నోరు విప్పలేదు. ఆమె కూడా లేచి, తన రూంమేట్ గురక బస్టాండ్ కంటే గట్టిగా ఉంటుందని నెమ్మదిగా చెప్పి, అంతే నెమ్మదిగా కూర్చుంది.

ఆఫీసు అక్క చాక్‌పీసుల డబ్బా ఇవ్వడానికి వచ్చి, డబ్బా ఇవ్వకుండానే తలుపు దగ్గర నిలబడిపోయింది. అంబర్‌పేట ఆవిడ. నోరు పెద్దది. మా అందరి రాకపోకలూ ఆవిడ రిజిస్టర్‌లోనే ఉండేవి. ఆ రోజు పావుగంట ఎక్కువ చెప్పాను. ఎవరూ గడియారం చూడలేదు.

ఆ సంబరంలోనే తప్పు చేశాను.

"ఈ వీధుల్లో మీరు స్వయంగా చూసిన వాటి మీద పది పోలికలు రాసుకు రండి," అన్నాను. డెమో అన్న సంగతే మర్చిపోయాను.

మూడో బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, క్లాసుల మీద రాయొచ్చునా?"

"ఏ క్లాసులు?"

"ఈ క్లాసు, ఆ క్లాసు." కిటికీ వైపు చూపించింది. ఫ్లెక్సీలో పెద్ద సారు నవ్వుతున్నాడు.

గొప్ప మనసు చూపించాలనిపించింది. ఆ కోరిక మనిషిని ముంచినంతగా కోపం కూడా ముంచదు.

"రాయండి. కానీ రెండూ చూసి రాయండి. చూడకుండా దేన్నీ పోల్చకూడదు."

ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, నారాయణగూడలో పిల్లల్ని తీసుకుని ఇంటికి నడుస్తూ మనసులో రెండుసార్లు అనుకున్నాను. ఎదుటి క్లాసు కూడా పదింటికే అని, అది చూడాలంటే నా క్లాసు మానాలి తప్ప దారి లేదని, ఆ రాత్రి కూడా నాకు తట్టలేదు. గ్యాస్ మాత్రం రెండుసార్లు చూసుకున్నాను.

ఇక బుధవారం. ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి అక్క రిజిస్టర్ మూసి, దాని మీద మోచేతులు పెట్టుకుని ఉంది.

"అక్కా, పిల్లలేరీ?"

"ఏ పిల్లలు మేడం? మీరే పంపినరంట గదా. చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిచ్చినట్టు పంపినరు."

"నేనా?"

"రెండు చూసి రాయమన్నరంట. పొద్దుగాల మెట్లెక్కుతున్నోళ్ళు ఎక్కుతున్నట్టే దిగిపోయిండ్రు. యాడికిరా అంటే, హోంవర్క్ అక్కా అన్నరు."

డైరెక్టర్ గారు గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"మేడం, డెమోల హోంవర్క్ ఎవ్వరన్న ఇస్తరా?"

"మర్చిపోయాను సార్."

"ఇస్తే ఇచ్చిన్రు. గాయన దుకానంల గూసొని రాయమని ఇస్తరా?"

క్లాసురూములోకి వెళ్ళాను. ముగ్గురున్నారు. ఒకడు సోమవారం కూడా నిద్రపోయాడు, అదే చోట నిద్రపోతున్నాడు. మిగతా ఇద్దరూ కొత్తవాళ్ళు, ఇదే పెద్ద సారు క్లాసు అనుకుని వచ్చామని చెప్పి లేచి వెళ్ళిపోయారు.

కిటికీ తెరిచాను.

సందు చాలా ఇరుకు. ఎదుటి గది అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది. ఆయన బెంచీలు నిండిపోయాయి. వాటి వెనక గోడ పొడుగునా నిలబడి ఉన్నారు మావాళ్ళు. నిలబడే నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. అంత జనాన్ని చూసిన ఉత్సాహంలో పెద్ద సారు చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ చెలరేగిపోతున్నాడు. నవ్వులు ఈ గదిలోకి వచ్చి ఖాళీ బెంచీలకు తగులుతున్నాయి. ఒకసారి నాకూ నవ్వొచ్చింది. ఆయన జోకు నిజంగా బాగుంది.

కాసేపటికి ఆయన మాట్లాడటం ఆపి గోడ దగ్గరున్న వాళ్ళను ఏదో అడిగాడు. మూడో బెంచీ అమ్మాయి ఏదో చెప్పింది. ఆయన నోరు తెరిచి, తిరిగి, నేరుగా మా కిటికీలోకి చూశాడు. దాక్కుందామనుకున్నాను, ఆలస్యమైపోయింది.

"చెల్లెమ్మా!" సందంతా వినబడేలా అరిచాడు. "నా దగ్గరికే హోంవర్క్‌కు పంపుతవా!"

కింద టీ బండి దగ్గరున్న వాళ్ళు కూడా తలలెత్తి చూశారు. నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా అని నమస్కారం పెట్టాను. ఆయన బల్ల మీద చరిచి చరిచి నవ్వాడు. తర్వాత గోడ దగ్గరున్న వాళ్ళతో ఇంకేదో చెప్పాడు. అది నాకు వినిపించలేదు.

కిటికీ వేసి కూర్చున్నాను. మనసులో అప్పుడే ఇంట్లో ఏం చెప్పాలో కూర్చుకుంటున్నాను. మా ఆయన ఏమీ అనడు. "పోనీలే, పిల్లలకు నువ్వు దగ్గరుంటావు" అంటాడు. ఆ మాటే నాకు భయం. అది నిజమే కాబట్టి. పొద్దున్నే జడలు వేసి, డబ్బాలు కట్టి, పరుగెత్తుకొచ్చి ఈ గదిలో నిలబడ్డ ఆ గంటన్నరలో నేనొక వేరే మనిషిని. ఆ మనిషి నాకు చాలా ఇష్టం. పిల్లల కంటే ఇష్టమా అంటే ఏం చెప్పాలో తెలియని ఇష్టం.

పదకొండు ముప్పావుకు మెట్ల మీద చప్పుడైంది.

మొదట అక్క గొంతు. "ఏయ్, మెల్లగ! చెప్పులు గోడ దిక్కు ఇడువుండ్రి! అడ్డం పెట్టకుండ్రి!" ఆ మాట నాకు మంగళవాద్యంలా వినిపించింది. ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చి వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చున్నారు. అందరూ రాలేదు. పది పదిహేను మంది అటే ఉండిపోయారు. వచ్చినవాళ్ళు మాత్రం నోటుబుక్కులు తెరిచి, పెన్నులు మూసి, నా వైపు చూస్తున్నారు. హోంవర్క్ చేసుకొచ్చారు మరి, వినాలి కదా. డైరెక్టర్ గారు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు, నిద్రపోతున్న అబ్బాయి పక్కన.

"చదవండి," అన్నాను.

జోకు అబ్బాయి లేచాడు. "సార్ ఈజ్ ఫన్నియర్ దేన్ మేడం."

"సరిగ్గా ఉంది," అన్నాను. వాక్యమూ సరైనదే, విషయమూ సరైనదే.

ఆ వాక్యాన్నే ఇంకో నలుగురు చదివారు. నాలుగోసారికి నాకు అలవాటైంది. ఒకమ్మాయి నన్ను వాళ్ళ నాన్న కంటే సీరియస్ అంది. ఒకడు "మోర్ బోరింగర్" అన్నాడు. ముందు 'మోర్', చివర 'అర్' రెండూ పెట్టనక్కర్లేదు, ఒకటి చాలు, "మోర్ బోరింగ్" అనాలి అని దిద్దాను. వాడు థాంక్స్ చెప్పి దిద్దుకున్నాడు. వెనక నుంచి డైరెక్టర్ గారు ఆగలేకపోయాడు.

"మేడం, మిమ్మల్ని తిడుతుంటే గ్రామర్ దిద్దుతున్నరేంది?"

గది గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ మూడు రోజుల్లో వాళ్ళ ముందు నేను నవ్వడం అదే మొదటిసారి. వెంటనే ముందు బెంచీ అబ్బాయి, మేడం ఎప్పుడూ నవ్వదని రాసుకున్న వాక్యాన్ని కొట్టేశాడు.

తర్వాత ఒకతను, వయసులో నాకంటే పెద్దవాడే, లేచి నెమ్మదిగా చదివాడు. మేడం తన సెల్ వైపు ఎన్నిసార్లు చూస్తుందంటే, మా అమ్మ పొయ్యి మీది పాల వైపు చూసినన్ని సార్లు. వాక్యంలో ఒక్క తప్పు లేదు.

"నాకు ఇద్దరు చిన్నపిల్లలు," అన్నాను. "స్కూల్లో ఉన్నారు. ఫోన్ వస్తుందేమోనని చూస్తాను."

పాఠంలో లేని మాట ఆ గదిలో నేను చెప్పడం అదే మొదలు. "రానీయుండ్రి మేడం, ఎత్తుండ్రి, మేం ఆగుతం," అన్నాడాయన.

అప్పుడు మూడో బెంచీ అమ్మాయి లేచింది. పుస్తకం మూసేసింది.

"సారు మాకు ఒకటి రాయించిండు మేడం. మీకు చదివి వినిపించమన్నడు." ఇంగ్లీషులో చెప్పింది, సారు గొంతు అనుకరిస్తూ. పదేళ్ళలో తను దిద్దిన పేపర్ల కంటే, ఒక్క ఏడాదిలో చెల్లెమ్మ దిద్దిన పేపర్లు ఎక్కువ. ఆ తర్వాత తెలుగులో, "నా పేరు స్పెల్లింగ్ తప్పు రాస్తే ఆమె ఊకోదు, జర జాగ్రత్త అన్నడు."

కిటికీ తెరిచి ఎదుటి గది వైపు చూద్దామనుకుని, కళ్ళు తుడుచుకోవాల్సి వస్తుందేమోనని చూడలేదు.

"నీ వాక్యం ఏది?" అన్నాను.

ఆమె మూసిన పుస్తకం మళ్ళీ తెరవలేదు. "అక్కడ బాగ నవ్విన మేడం. కడుపు నొచ్చింది. కానీ ఎవ్వరు నన్ను ఏమడగలే. ఇక్కడ నిన్న ఒక్కటే మాట మాట్లాడిన. రాత్రి రూంల మళ్ళ మళ్ళ అనుకున్న దాన్ని." తర్వాత ఇంగ్లీషులో, ఒక్కొక్క మాట వేలితో లెక్కపెడుతూ, బాగా నవ్వడం కంటే తప్పుగా అయినా మాట్లాడటమే తనకిష్టమని చెప్పింది. అందులో తప్పులున్నాయో లేదో నాకు గుర్తు లేదు. ఎర్ర పెన్ను పట్టినప్పటి నుంచి నేను దిద్దకుండా విన్నది ఆ ఒక్కసారే.

రెండింటికి డైరెక్టర్ గారు రిజిస్టర్ ముందుకు లాక్కుని పేర్లు లెక్కపెట్టాడు. పైనుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి.

"ముప్పై తొమ్మిది."

నిద్రపోయిన అబ్బాయి కూడా చేరాడు, అయినా ముప్పై తొమ్మిదే. డైరెక్టర్ గారు చెడ్డవాడేమీ కాదు. కానీ మాటంటే మాట. ఆయన ఫ్యాను వైపు చూడటం మొదలుపెట్టాడు.

"ఒక్కటే గదా సార్ తక్కువ," అంది అక్క. "నా పేరు రాయుండ్రి."

"నీ పేరేంది? నువ్వు స్టాఫు."

"స్టాఫైతే మనిషి కాదా? ఇంటర్ పాసైన. డిగ్రీ ప్రైవేటుగ కడుతున్న, రెండు దఫాలాయె, ఇంగ్లీషే పోతున్నది. నిన్నంత గీ తలుపు కాడ నిలబడి విన్న. కాళ్ళు గుంజుతున్నయ్. కూసొని వింట."

"మరి ఫోన్లు ఎవరెత్తాలె?"

"పదింటి నుంచి పదకొండున్నర దాక మీరెత్తుండ్రి. జర మీకూ తెలుస్తది, ఎంతమంది ఎన్ని మాటలంటరో."

ఆయన కాసేపు ఆవిడ వైపు, కాసేపు నా వైపు చూసి, పెన్ను తీసి, తన చేత్తోనే నలభయ్యో పేరు రాశాడు. రాస్తున్నంతసేపూ అక్క మొహంలో నేనెప్పుడూ చూడని సిగ్గు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "మేడం, ఒక్కమాట. ఇంకోసారి డెమోల హోంవర్క్ ఇయ్యొద్దు."

"ఇవ్వను అక్కా."

"ఇస్తే మాత్రం, ఎదురు బిల్డింగుల క్లాసు లేని టైముల ఇయ్యుండ్రి."

తర్వాత సంగతులు రెండు ముక్కల్లో చెప్తాను. ఆ బ్యాచ్ తర్వాత ఇంకా చాలా బ్యాచ్‌లు చెప్పాను. మరుసటి డెమోకు మా డైరెక్టర్ గారు కొత్త ఫ్లెక్సీ వేయించాడు, 'డెమో నుంచే హోంవర్క్' అని పెద్ద అక్షరాల్లో. ఆ ఆలోచన తనదేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేను అడ్డు చెప్పలేదు. అక్క మూడో దఫాలో పాసై, ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళి ఫోనెత్తింది. పెద్ద సారు టీ బండి దగ్గర కనబడ్డప్పుడల్లా "ఇవాళ ఎక్కడికి పంపుతున్నవ్ చెల్లెమ్మా?" అనేవాడు. మీరు రేపు క్లాసుకు వెళ్ళి జోకులు రాకపోతే బెంగపడకండి. మీ పక్క గదిలో నవ్వులు వినబడితే కిటికీ మూసుకోకండి, అంతే. మంచి జోకైతే మీరూ నవ్వొచ్చు.

అసలు ఆ రోజు పూర్తయింది మర్నాడు పొద్దున్న. గురువారం. పెద్దదానికి జడ వేస్తున్నాను. చిన్నది బూటు ఎడమది కుడికి వేసుకుని నిలబడింది. జడ బిగించేటప్పుడు పెద్దది అద్దంలోంచి నన్ను చూసి అడిగింది, "అమ్మా, మొన్న నువ్వు చెప్పలేదు. మేమా, క్లాసా?"

ఈసారి ఇడ్లీ చల్లారలేదు. ఆ పూట ఉప్మా.

రిబ్బను ముడి వేసి ఇద్దర్నీ నా వైపు తిప్పుకున్నాను.

"అది మీరే చెప్పాలి," అన్నాను. "ఇంట్లో అమ్మను రోజూ చూస్తున్నారు. క్లాసులో అమ్మను ఎప్పుడూ చూడలేదు. చూడకుండా పోల్చకూడదు. రెండో శనివారం మీకు సెలవు కదా, నాతో రండి. ఆఖరి బెంచీలో కూర్చుని చూసి, ఏ అమ్మ నచ్చిందో చెప్పండి. చెప్పులు మాత్రం మెట్ల మీద గోడవైపు విప్పాలి. అక్కడ చాలా జతలుంటాయి, మీవి ఎక్కడ పెట్టారో బాగా గుర్తుపెట్టుకోండి."